అమ్మ పోయాక ఇక ఎవరి కోసం లేవాలి?

ప్రశ్న: నాకు యాభై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. కాకినాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేసేదాన్ని. అమ్మకి పక్షవాతం వచ్చాక ఉద్యోగం మానేసి ఆరేళ్లు ఆవిడని చూసుకున్నాను. ఎనిమిది నెలల క్రితం అమ్మ పోయింది. ఇప్పటికీ తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చేస్తుంది. పక్క మార్చాలి, మందు వెయ్యాలి అనుకుంటూ లేచి కూర్చుంటాను. చెయ్యడానికి ఏమీ ఉండదు. స్నేహితురాలు "ఇన్నాళ్లూ అమ్మ కోసం బతికావు, ఇకనైనా నీ కోసం బతుకు" అని ఊటీ తీసుకెళ్లింది. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు "ఏదైనా వృద్ధాశ్రమంలో సేవ చెయ్యక్కా, మనసు కుదుటపడుతుంది" అంటే వెళ్లి అన్నం వడ్డించి, ఫొటో దిగి వచ్చాను. పిన్ని భజనకి రమ్మంటుంది. మూడూ చేసి చూశాను, ఏదీ మనసుకి పట్టలేదు. దేవుడి ముందు కూర్చుంటే కోపమే వస్తోంది. ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు. ఆఖరి ఏడాదిలో అమ్మ బాధ చూడలేక "ఇక తీసుకుపో స్వామీ" అని దణ్ణం పెట్టుకున్నాను. మేనకోడలు విక్టర్ ఫ్రాంకల్ పుస్తకం పంపితే చదివాను. ఆయన యూదుడట. బతుక్కి అర్థం మనలో ఉందా, పక్కవాళ్లలో ఉందా, దేవుడిలో ఉందా? యూదులు ఏమంటారు? అమ్మ మంచం, చక్రాల కుర్చీ ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి. తమ్ముడు అమ్మేయమంటున్నాడు. నాకు చేతులు రావడం లేదు.

జవాబు: ఎవరికీ చెప్పలేదన్నారే, ముందు ఆ మాటకి జవాబిస్తాను. అది మీ గుండెల మీద ఉన్నంతకాలం టూరైనా, సేవైనా, భజనైనా మనసుకి పట్టదు.

యూదు పండితులు కొన్ని వందల ఏళ్లపాటు చేసిన చర్చలన్నీ తాల్ముద్ అనే పెద్ద గ్రంథంలో ఉన్నాయి. అందులో ఒక పనిమనిషి కథ ఉంది. ఆమె యజమాని రబ్బీ యూదా హనాసీ. రబ్బీ అంటే యూదుల మతగురువు. క్రీ.శ. 200 ప్రాంతంలో గలిలయలో ఉన్న మహాపండితుడు, యూదుల ధర్మశాస్త్రమైన మిష్నాను కూర్చినవాడు. ఆఖరి రోజుల్లో ఆయన కడుపు జబ్బుతో మంచాన పడ్డాడు. పండితులంతా ఉపవాసాలుండి, ఆయన పోకూడదని ఆగకుండా ప్రార్థన చేస్తున్నారు. పోయాడన్న మాట ఎవరి నోట వచ్చినా కత్తివేటే అని కూడా అన్నారు. పనిమనిషి మేడ మీదికెక్కి తానూ ప్రార్థించింది. "పైవాళ్లు రమ్మంటున్నారు, కిందివాళ్లు ఉండమంటున్నారు. కిందివాళ్లే గెలవాలి" అంది. పైవాళ్లంటే దేవదూతలు, కిందివాళ్లంటే మనుషులు. తర్వాత ఆమె కంటబడింది వేరు. ఆయన మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తోంది. వెళ్లిన ప్రతిసారీ, చేతికీ నుదుటికీ కట్టుకున్న ప్రార్థన పెట్టెలు విప్పాలి, వచ్చాక మళ్లీ కట్టుకోవాలి. ఆ అవస్థ చూసి ఆమె ప్రార్థన మార్చుకుంది: "పైవాళ్లే గెలవాలి." కింద పండితులు మాత్రం ఆపడం లేదు. ఆమె ఒక కుండ తీసుకుని మేడ మీంచి కిందికి విసిరేసింది. ఆ చప్పుడుకి వాళ్ల ప్రార్థన ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలోనే ఆయన ప్రాణం పోయింది.

తాల్ముద్ ఆమెను పల్లెత్తు మాట అనదు. 14వ శతాబ్దంలో బార్సిలోనాలో ఉన్న రబ్బీ నిస్సీమ్ ఈ కథనే ఆధారంగా చూపించి, కోలుకునే ఆశ లేక నరకయాతన పడుతున్న మనిషికి విముక్తి ఇమ్మని దేవుణ్ణి వేడుకోవాల్సిన సమయాలు కూడా ఉంటాయని రాశాడు. మనిషి చేత్తో ప్రాణం తీయడాన్ని యూదు ధర్మం ఒప్పుకోదు, అది వేరే సంగతి. ఇక్కడున్నది ప్రార్థన.

ఆ పండితులకి ఆయన మీద ప్రేమ తక్కువేం కాదు. కానీ ఆయన్ని మరుగుదొడ్డి దాకా నడిపించింది వాళ్లు కాదు. ఆరేళ్లు పక్క మార్చింది మీరు, గుడ్డలు మార్చింది మీరు, నోరు తెరవలేని మనిషికి ఎక్కడ నొప్పిగా ఉందో మొహం చూసి కనిపెట్టింది మీరు. "తీసుకుపో స్వామీ" అన్న మాట ఆ చూపులోంచి వచ్చింది. అమ్మ మీద విసుగుతో వచ్చిన మాట కాదని మీ ఉత్తరమే చెబుతోంది. దాన్ని పాపంగా మోయకండి. వీలైతే మీ తమ్ముడికి ఒకసారి ఫోన్‌లో ఆ మాట చెప్పండి. అతనూ ఏదో ఒకటి మోస్తూనే ఉంటాడు.

ఇక మీ ప్రశ్న. యూదులందరిదీ ఒకే మాట కాదు. అందరి తరఫున తీర్పు చెప్పే పీఠం వాళ్లకి లేదు, దేవుణ్ణి నమ్మని యూదులూ చాలామంది ఉన్నారు. మీరు అడిగిన మూడూ మాత్రం వాళ్లకి పాత లెక్కే. లోకం మూడింటి మీద నిలబడి ఉందని మిష్నాలో ఒక పాత వాక్యం ఉంది: ధర్మగ్రంథ అధ్యయనం, దైవసేవ, సాటిమనిషికి చేసే దయగల పనులు. ప్రాగ్ నగరంలో ఉండి 1609లో కన్నుమూసిన మహరాల్ అనే గొప్ప రబ్బీ దీన్ని వివరిస్తూ, మొదటిది మనిషి తనని తాను పూర్తి చేసుకోవడం, రెండోది దేవుడితో, మూడోది పక్కవాళ్లతో సరిగ్గా ఉండడం అన్నాడు. మీ స్నేహితురాలు, పిన్ని, తమ్ముడు తలా ఒకటి పట్టుకుని మీ దగ్గరికి వచ్చారన్నమాట. చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, ముగ్గురూ విడివిడిగా వచ్చారు.

మీరు చదివిన ఫ్రాంకల్ దగ్గరికే వెళదాం. జీవితానికి అర్థమేమిటని మనం అడగడం కాదు, జీవితమే మనల్ని రోజూ అడుగుతోంది, మనం చేతలతో జవాబివ్వాలి అన్నది ఆ పుస్తకంలో గట్టి మాట. ఆ పుస్తకం నాజీల చెర క్యాంపుల గురించి కాబట్టి చాలామందికి ఆయన ఇంటి సంగతి తెలియదు. మీకది చెప్పాలి. ఆయన వియన్నాలో డాక్టర్. నాజీలు యూదుల్ని పట్టుకుపోతున్న రోజుల్లో ఆయనకి అమెరికా వీసా వచ్చింది. ఒక్కడే వెళ్లగలడు. వెళితే ముసలి తల్లిదండ్రుల గతి ఏమిటో తెలుసు. తేల్చుకోలేక ఇంటికొచ్చి చూస్తే, నాజీలు తగలబెట్టిన పెద్ద యూదు ప్రార్థనా మందిరం శిథిలాల్లోంచి వాళ్ల నాన్న ఒక చలువరాతి ముక్క ఏరి తెచ్చి ఉంచాడు. దాని మీద బంగారు పూతతో ఒకే ఒక్క హీబ్రూ అక్షరం. పది ఆజ్ఞల పలకలోది. ఏ ఆజ్ఞలోదని అడిగితే, తల్లిదండ్రుల్ని గౌరవించమన్న ఆజ్ఞలోది అన్నాడు నాన్న. ఫ్రాంకల్ వీసా వదిలేసి ఉండిపోయాడు. 1942 సెప్టెంబరులో అందరినీ తీసుకుపోయారు. నాన్న తెరేజియన్‌స్టాట్ క్యాంపులో పోయాడు, అమ్మని ఔష్విట్జ్‌లో చంపేశారు, భార్య బెర్గెన్-బెల్సెన్‌లో పోయింది. ఆయన మిగిలాడు.

మీరు ఉద్యోగం మానేసినప్పుడు మీకూ ఇలాంటి ప్రశ్నే ఎదురైంది, మీరు జవాబిచ్చారు. ఎవరి కోసం జవాబిచ్చామో వాళ్లే లేకుండా పోయాక ఏం చెయ్యాలన్నది ఇప్పుడు మిగిలిన ప్రశ్న. ఫ్రాంకల్ కూడా 1945లో సరిగ్గా అక్కడే నిలబడ్డాడు.

ముందు మీ సంగతి. నేను మీ స్నేహితురాలి మాటతోనే మొదలుపెడతాను, ఊటీ మాత్రం పక్కన పెడతాను. హిల్లెల్ అని క్రీస్తుకి కాస్త ముందు యెరూషలేములో గొప్ప గురువు. ఆయన మూడు ప్రశ్నలు యూదుల ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా నోటికొస్తాయి: "నా కోసం నేను లేకపోతే నాకెవరున్నారు? నా కోసం మాత్రమే ఉంటే నేనేపాటి మనిషిని? ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?" మూడింటినీ ఆ వరసలోనే అడిగాడాయన. మొదటిది దాటి రెండోదానికి వెళ్లిపోయే అలవాటు మీలాంటివాళ్లకే ఎక్కువ.

ఒకరోజు పాఠం అయ్యాక హిల్లెల్ బయల్దేరితే శిష్యులు వెంట నడుస్తూ ఎక్కడికని అడిగారు. పుణ్యకార్యం చెయ్యడానికి అన్నాడు. ఏం పుణ్యకార్యం? స్నానశాలకి వెళ్లి స్నానం చెయ్యడం. అదీ పుణ్యమేనా అని వాళ్లు ఆశ్చర్యపోయారు. "నాటకశాలల్లో రాజుల విగ్రహాలు ఉంటాయి కదా. వాటిని తోమి కడిగేవాడికి జీతమిస్తారు, గౌరవిస్తారు. దేవుడు తన పోలికలో చేసిన దేహం కదా ఇది, దీన్ని కడుక్కోవడం అంతకంటే తక్కువ పనా?" అన్నాడు. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు ఇంట్లో రోగిని చూసుకునే ఆడవాళ్లే గుర్తొస్తారు. పడకలో ఉన్న మనిషికి గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిచి, పౌడరు వేసి, జడ అల్లుతారు. తమ తల దువ్వుకోవడం మాత్రం సాయంత్రం దాకా గుర్తుండదు. ఆరేళ్లు అమ్మని ఎత్తి దించిన మీ నడుము ఎలా ఉంది? బీపీ, షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు? పళ్లు? రాత్రి మీ కోసం వండుకుంటున్నారా, లేక పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని అయిందనిపిస్తున్నారా? ఈ వారం ఇవి చూసుకోండి. ఊటీలో మీరు మీ నుంచి దూరంగా వెళ్లారు. ఇందులో దగ్గరికి వస్తారు.

చదువు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. యూదుల సంప్రదాయంలో మనిషి తనని తాను పూర్తి చేసుకోవడమంటే ముందుగా చదువుకోవడమే, అదీ ఒంటరిగా కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పుస్తకం తెరిచి, గట్టిగా చదువుతూ ఒకరినొకరు ప్రశ్నించుకుంటారు. యూదు పాఠశాలలో అడుగుపెడితే చేపల మార్కెట్టంత గోలగా ఉంటుంది. మీరు లెక్చరర్, మీకు చర్చ కొత్త కాదు. పుస్తకం పంపిన మేనకోడలు ఉంది. వారానికో గంట, ఫోన్ అవతల తను, ఇవతల మీరు, ఇద్దరి చేతుల్లో ఒకే పుస్తకం. ఏ పుస్తకమైనా సరే. మీరు చదివింది మీకే కాకుండా ఇంకొకరికి వినిపించాలి అన్నప్పుడు పగలంతా బుర్ర దాని మీద పనిచేస్తుంది. మేనత్త నుంచి ఆ పిల్లకి అందేది కూడా తక్కువేం కాదు.

రెండోది, పక్కవాళ్లు. ఇక్కడ తమ్ముడి సలహాలో ఒక లోటుంది. మీరు ఇవ్వాలనే చెప్పాడు, తీసుకోవాలని చెప్పలేదు. తాల్ముద్‌లోనే ఇంకో ఘట్టం చూడండి. రబ్బీ యోహనాన్ మూడో శతాబ్దపు పండితుడు, తిబెరియలో ఉండేవాడు. జబ్బుపడ్డ శిష్యుడి దగ్గరికి వెళ్లి "నీ బాధలు నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. బాధ పడితే పుణ్యం వస్తుందని పెద్దలు చెప్పే కాలం అది. శిష్యుడు "అవీ వద్దు, వాటివల్ల వచ్చే ఫలమూ వద్దు" అన్నాడు. "చెయ్యివ్వు" అన్నాడు గురువు. చెయ్యిచ్చాడు, లేపి కూర్చోబెట్టాడు. తర్వాత రబ్బీ యోహనానే జబ్బుపడ్డాడు. రబ్బీ హనీనా వచ్చి అదే ప్రశ్న వేశాడు, అదే జవాబు వచ్చింది, అలాగే చెయ్యిచ్చి లేపాడు. అప్పుడు తాల్ముద్ ఒక ప్రశ్న వేస్తుంది: ఇంకొకరిని లేపగలిగినవాడు తనని తాను లేపుకోవచ్చు కదా? జవాబు: ఖైదీ తన చెర తాను విప్పుకోలేడు.

ఆ ఘట్టం అక్కడితో ఆగదు. రబ్బీ ఎలాజార్ జబ్బుపడి చీకటిగదిలో పడుకుని ఏడుస్తుంటే రబ్బీ యోహనాన్ వెళ్లాడు. ఎందుకేడుస్తున్నావని అడిగి, తనే కారణాలు ఊహించి ఓదార్పులు చెప్పసాగాడు. చదువు చాలలేదనా? డబ్బు లేదనా? పిల్లల గురించా? "ఇదిగో, ఇది నా పదో కొడుకు ఎముక" అన్నాడు రబ్బీ యోహనాన్. పదిమంది కొడుకుల్ని పోగొట్టుకున్నవాడు. ఎలాజార్ అవేవీ కాదన్నాడు. "ఇంత అందం మట్టిలో కలిసిపోతుందే అని ఏడుస్తున్నాను" అన్నాడు. రబ్బీ యోహనాన్ ఇక ఓదార్చలేదు. "దీనికైతే నిజంగా ఏడవాల్సిందే" అన్నాడు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఆ తర్వాతే చెయ్యి అందించాడు. మిమ్మల్ని ఊటీకో ఆశ్రమానికో భజనకో తీసుకెళ్లినవాళ్లలో మీ పక్కన కూర్చుని అమ్మ గురించి ఏడ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉత్తరంలో ఎవరూ కనిపించలేదు. పిన్ని ఆ పని చెయ్యగలదని నాకనిపిస్తోంది. పోయింది ఆవిడకి అక్క కదా. ఆవిడని భజనకి కాకుండా ఒక మధ్యాహ్నం మీ ఇంటికి భోజనానికి రమ్మనండి.

యూదులు ఈ దుఃఖానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. అంత్యక్రియలై ఇంటికొచ్చాక మొదటి భోజనం సొంత ఇంటిది తినకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. ఉడికించిన గుడ్లు, పప్పు తెస్తారు. ఏడు రోజులు దుఃఖంలో ఉన్నవాళ్లు ఇల్లు కదలరు, అందరూ వచ్చి కూర్చుంటారు. వచ్చినవాళ్లు ముందుగా నోరు తెరవకూడదు. దుఃఖంలో ఉన్న మనిషి మాట్లాడితేనే మాట్లాడాలి, లేదంటే ఊరికే కూర్చోవాలి. ఆ తర్వాత ముప్పయ్యో రోజు దాకా ఇంకొంచెం సడలింపుతో గడుస్తుంది. కన్నవాళ్లు పోతే మాత్రం లెక్క ఏడాది. పదకొండు నెలల పాటు రోజూ కద్దీష్ అనే ప్రార్థన చెబుతారు. మీకు ఎనిమిదో నెల. వాళ్ల లెక్కలో మీరింకా మధ్యలోనే ఉన్నారు. ఎనిమిది నెలలైంది, ఇంకా తేరుకోలేదేమని ఎవరైనా అంటే, మీకు మీరే అనుకున్నా, ఈ లెక్క గుర్తు చేసుకోండి.

కద్దీష్‌లో చావు మాట ఒక్కటీ ఉండదు. పోయినవాళ్ల పేరుండదు. దేవుడి నామం గొప్పదని చెప్పడమే అదంతా. దాన్ని ఒంటరిగా చెప్పకూడదు. పదిమంది ఉండాలి, వాళ్లు బదులుగా "ఆమేన్" అనాలి. అంటే దేవుడి మీద మండిపడుతున్న మనిషి కూడా రోజూ బయల్దేరి పదిమంది మధ్యకి రావాలి. మీరడిగిన మూడూ ఒకే చోట కనిపిస్తాయి చూడండి. దుఃఖం తనది, ఆమేన్ పక్కవాళ్లది, మాట దేవుడిది. ఏ ఒక్కటి తీసేసినా అది కద్దీష్ కాదు. అర్థం నాలో ఉందా, వాళ్లలో ఉందా, ఆయనలో ఉందా అన్న ప్రశ్నకి నాకు తెలిసిన యూదు జవాబుల్లో నాకు నచ్చినది ఇదే.

ఛాందస సంప్రదాయంలో ఆ పదిమందీ మగవాళ్లే కావాలి, కద్దీష్ కూడా కొడుకులే చెప్పేవారు. ఇక్కడే మీకు ఒకావిడని పరిచయం చెయ్యాలి. హెన్రియెటా జోల్డ్. 1860లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టింది. రబ్బీ కూతురు. పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయాక తల్లితో కలిసి ఉండేది. ఎనిమిదిమంది ఆడపిల్లలు పుట్టిన ఇల్లు, మగపిల్లలు లేరు. 1916లో తల్లి పోయినప్పుడు, కొడుకు స్థానంలో నేను కద్దీష్ చెబుతానని ఒక కుటుంబ స్నేహితుడు ముందుకొచ్చాడు. ఆవిడ ఎంతో ఆప్యాయంగా కృతజ్ఞతలు చెబుతూనే ఆయన సాయం వద్దని ఉత్తరం రాసింది. మా అమ్మానాన్నలకి కొడుకులు లేని లోటు మా ఇంట్లో ఎన్నడూ లేదు, అమ్మ కోసం కద్దీష్ నేనే చెబుతాను అన్నది ఆ ఉత్తరం సారాంశం. నూరేళ్లు దాటినా యూదు స్త్రీలు ఇప్పటికీ దాన్ని చదువుకుంటారు.

అప్పటికి ఆవిడకి యాభై ఆరేళ్లు నిండుతున్నాయి. అంతకు ఏడేళ్ల ముందు, 1909లో, తల్లీకూతుళ్లు కలిసి పాలస్తీనా వెళ్లారు. అక్కడ పిల్లల కళ్ల నిండా పుళ్లు, వాటి మీద ముసిరే ఈగలు. అది చూసి, మీ ఆడవాళ్ల బృందం చెయ్యాల్సిన పని ఇదీ అని తల్లి కూతురితో అందట. 1912లో హడాసా అనే మహిళా సంస్థ మొదలైంది, నర్సుల్ని పంపారు. అమ్మ పోయాక, 1920లో, ఆవిడే అక్కడికి వెళ్లిపోయి ఆసుపత్రుల పని చూసుకుంది. డెబ్బై దాటాక నాజీల జర్మనీ నుంచి యూదు పిల్లల్ని బయటికి తెచ్చే పని నెత్తినేసుకుంది. వేలమంది పిల్లలు అలా బతికారు. మీరూ అంత పెద్ద పని చెయ్యాలని ఇది చెప్పడం లేదు. తల్లిని చూసుకున్న ఆడపిల్ల బతుకు తల్లితో అయిపోదని, తల్లి చూపించిన దిక్కు తల్లి తర్వాత కూడా పనికొస్తుందని చెబుతున్నాను.

వృద్ధాశ్రమంలో అన్నం వడ్డించడం మీకు ఎందుకు పట్టలేదో ఇప్పుడు చెప్పగలను. అక్కడ మీరే కావాలని ఎవరూ లేరు. గరిటె ఎవరు పట్టుకున్నా అన్నం పడేది. మార్టిన్ బూబర్ అనే తత్వవేత్త తన జీవితంలోంచి ఒక సంఘటన రాశాడు. 1914లో ఒక యువకుడు ఆయన్ని చూడటానికి వచ్చాడు. బూబర్ మర్యాదగానే మాట్లాడాడు, అడిగినవాటికి జవాబులు చెప్పాడు. కానీ ఆ ఉదయమంతా ధ్యానం లాంటి పారవశ్యంలో గడిపి, మనసు అక్కడే వదిలేసి కూర్చున్నాడు. కుర్రవాడు అడగకుండా మనసులో పెట్టుకున్న ప్రశ్నని పట్టుకోలేకపోయాడు. కొంతకాలానికి ఆ కుర్రవాడు చనిపోయాడని తెలిసింది. నిరాశలో ఉన్న మనిషి ఇంకో మనిషి దగ్గరికి వచ్చేది మాటల కోసం కాదు, అక్కడొకరు నిజంగా ఉన్నారన్న ధైర్యం కోసమని అప్పుడు బూబర్‌కి తెలిసొచ్చింది. మనుషుల్ని పక్కనపెట్టి దొరికే దైవానుభూతిని ఆయన ఆ తర్వాత వదిలేసుకున్నాడు.

మీరే కావాల్సిన చోటు ఒకటుంది. అది అమ్మ గదిలోనే ఉంది. యెరూషలేములో యాద్ సారా అని ఒక సంస్థ ఉంది, 1976లో మొదలైంది. మొదలుపెట్టినాయన ఒక మామూలు కుటుంబీకుడు. జబ్బు చేసిన పిల్లలకి ఆవిరి పట్టే మిషన్ ఇరుగుపొరుగుకి వాడుకోమని ఇవ్వడంతో మొదలై, చక్రాల కుర్చీలు, ఊతకర్రలు, ఆసుపత్రి మంచాలు అవసరమైనన్నాళ్లు వాడుకుని తిరిగి ఇచ్చేలా దేశమంతా ఏర్పాటైంది. దానికి నాజీల చేతిలో చనిపోయిన తన ఇంటి పెద్దావిడ సారా పేరు పెట్టాడు. మీరు ఆ మంచం అమ్మకండి. దానం కూడా ఇవ్వకండి. అరువివ్వండి. మీ వీధి మెడికల్ షాపులో, మీ ఫిజియోథెరపిస్టుకి ఒక మాట చెప్పి ఉంచండి, కాకినాడలో ఈ వారమే ఆ మంచం కావాల్సినవాళ్లు ఎంతమందో. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకి హ్యాండిల్ ఎటు తిప్పాలో చూపిస్తారు కదా, అప్పుడు మిగతావి కూడా చెప్పండి. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఎక్కడ పుండు లేస్తుంది, ఎముక ఉన్నచోట ఎరుపు కనిపించగానే ఏం చెయ్యాలి, మింగలేని మనిషికి జావ ఎంత చిక్కగా ఉండాలి, కింద వేసిన దుప్పటితో మనిషిని నొప్పి లేకుండా పైకి జరపడం ఎలా. ఆరేళ్లు రాత్రీపగలూ కష్టపడి నేర్చుకున్న విద్య ఇది. ఏ వృద్ధాశ్రమంలోనూ మిమ్మల్ని ఇది అడగలేదు. భయంభయంగా వచ్చిన ఏ కూతురో అడుగుతుంది. ఫోన్ నంబరు ఇవ్వండి. తెల్లవారుజామున ఐదింటికి మీరు మేలుకునే ఉంటారని చెప్పండి.

అయితే గది ఖాళీ చెయ్యడానికి తొందరేం లేదు. కుర్చీ ముందు పంపి, మంచం సంవత్సరీకం అయ్యాకే ఇచ్చినా ఇచ్చినట్టే.

దేవుడి సంగతి తక్కువే చెబుతాను. కోపం వస్తోందన్నారు. ఆ కోపం దాచుకుని పూజ చెయ్యమని యూదు సంప్రదాయం అడగదు. సొదొమ అనే ఊరిని నాశనం చెయ్యొద్దని యూదుల మూలపురుషుడు అబ్రాహాము దేవుడితో బేరమాడాడు, న్యాయం తప్పుతావా అని నిలదీశాడు. వాళ్ల లేఖనాల్లో కష్టాలన్నీ మీదపడ్డ యోబు తన గోడంతా దేవుడి మొహం మీదే చెప్పాడు. పక్కన కూర్చుని దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితుల మీద చివర్లో దేవుడే కోప్పడి, మీరు నా సేవకుడైన యోబులా సరైన మాట మాట్లాడలేదన్నాడు. 18వ శతాబ్దంలో బెర్దిచేవ్ ఊరి రబ్బీ లేవీ యిత్సాక్ తన జనం కష్టాల గురించి దేవుడి మీద వ్యాజ్యం వేసినట్టే వాదించేవాడు, వాదించాక కద్దీష్ చెప్పేవాడు. గోల్కొండ చెరలోంచి రాముణ్ణి కడిగిపారేసిన రామదాసు మనవాడే కాబట్టి మనకిదేం వింత కాదు. కాబట్టి పిన్ని వెంట భజనకి వెళ్లాలా వద్దా అంటే, ఇప్పుడు వద్దంటాను. మీ దేవుడి ముందు మీ ఇంట్లోనే కూర్చోండి. అమ్మని అన్నేళ్లు ఎందుకు పడుకోబెట్టావని తెలుగులో, గట్టిగా, అడగండి. మాట్లాడటం మానేయడం కంటే పోట్లాడటం దగ్గరితనం. ఇందుకు ఎవరూ మతం మార్చుకోనక్కర్లేదు. మీదైన దేవుడితో మీరు మాట్లాడుకోవడమే ఇది. (యూదులు మనకి మరీ దూరం వాళ్లనీ అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమని యూదులుగా చెప్పుకునే బెనె ఎఫ్రాయిం కుటుంబాలు తెలుగే మాట్లాడుకుంటూ సబ్బాతు అనే వారపు విశ్రాంతి దినం పాటిస్తాయి.)

ఇక ఆరోగ్యం గురించి. ఎనిమిది నెలల తర్వాత కూడా పొద్దున్నే మెలకువ, దేని మీదా మనసు లేకపోవడం ఉన్నాయంటే, ఇది దుఃఖం ఒక్కటేనా, డిప్రెషన్ కూడానా అన్నది డాక్టరే చూడాలి. మైమోనిడీస్ యూదుల్లో అతి పెద్ద పండితుడు, ఈజిప్టులో సుల్తాను దర్బారు వైద్యుడు. ఆయన తమ్ముడు దావీదు రత్నాల వ్యాపారం చేసి ఇల్లు నడిపేవాడు. ఇండియాకి వ్యాపారానికి బయల్దేరి మన హిందూ మహాసముద్రంలోనే ఓడతో సహా మునిగిపోయాడు. ఆ వార్త విన్నాక దాదాపు ఏడాది పాటు జ్వరంతో, దిగులుతో మంచం దిగలేదని మైమోనిడీసే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఏళ్లు గడిచాక కూడా తమ్ముడి చేతిరాత కనిపిస్తే గుండె తరుక్కుపోతుందన్నాడు. అంత చదువు, అంత భక్తి ఉన్న మనిషికే అలా అయింది. లేచాక వైద్యం చేశాడు. 1199లో రాసిన ఇంకో ఉత్తరంలో, దర్బారు నుంచి ఆకలితో ఇంటికొచ్చేసరికి యూదులూ కానివాళ్లూ వాకిలి నిండా రోగులు కూర్చుని ఉంటారని, ఒక్క ముద్ద తినొస్తానని వాళ్లని బతిమాలుకుంటానని, ఆఖరికి పడుకునే మందులు రాసిస్తానని చెప్పుకున్నాడు. ఆయన మీ ఊళ్లో ఉంటే మిమ్మల్ని ముందు తన దగ్గరికి రమ్మనేవాడు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా. బతకడం ఎందుకన్న ఆలోచన ఎప్పుడైనా చచ్చిపోదామన్న దాకా వెళితే ఆ నిమిషంలోనే చెయ్యండి. అంత దాకా రాకపోయినా, నడుము చూపించుకోవడానికి వెళ్లినరోజే ఈ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. పిన్నిని తోడు తీసుకెళ్లండి.